చంటిబిడ్డ పరుపు: తల్లిదండ్రులకు, పరుపులు కుట్టేవారికి నాలుగు మాటలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల మీద, ఉపకారవేతనాల మీద, పెళ్ళి ఖర్చులు తగ్గించుకోవడం మీద పెద్దలు ఇంతసేపూ మంచి మాటలు చెప్పారు. మాకు అప్పగించిన విషయం వింటే మీకు నవ్వు రావచ్చు. చంటిబిడ్డ మంచానికి పరుపు ఎట్లా ఎంచుకోవాలి అన్నదే ఆ విషయం. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉండే వస్తువు మీద ఒక ప్రసంగమా అని ఎవరైనా అనుకుంటే తప్పు లేదు. కాని మొదటి ఏడాదిలో బిడ్డ రోజులో సగానికి పైగా నిద్రలోనే గడుపుతుంది. తల్లి ఒడిలో లేని ఆ గంటలన్నీ పరుపే ఒడి. ఆ ఒడి సరిగా లేకపోతే ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే మీ సమయం కొంచెం తీసుకుంటున్నాము.

మేము డాక్టర్లము కాము. దూదేకులవాళ్ళము. నూర్‌బాషా అన్నా, లదాఫ్ అన్నా, పింజారి అన్నా మేమే. ప్రభుత్వంవారి వెనుకబడిన తరగతుల జాబితాలో ఈ పేర్లన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. మా తాతలు భుజాన విల్లు, చేతిలో కొయ్యగుండు పట్టుకుని వీధివీధీ తిరిగారు. ఇంటి ముందు చాప పరిచి, గడ్డకట్టిన పాత దూదిని ఏకి, మళ్ళీ సంచిలో నింపి, పొద్దుగూకేలోపు పరుపు కుట్టి ఇచ్చేవారు. విల్లు పోయి దూది ఏకే మిషను వచ్చింది. ఇప్పుడు స్పాంజి పరుపుల దుకాణాలు ఊరూరా వచ్చాయి. ఇన్ని మారినా మా పనికి దొరికే మెప్పు మాత్రం మారలేదు. "సాయిబూ, పరుపు వెన్నలాగా ఉందయ్యా!" అంటారు.

పెద్దవాళ్ళ పరుపుకు ఆ మెప్పు చాలు. ఏడాది లోపు బిడ్డ పరుపును ఎవరైనా అట్లా మెచ్చుకుంటే మాత్రం, ఆ పరుపు ఆ బిడ్డకు పనికిరాదని అర్థం. ఈ రోజు మేము చెప్పవచ్చింది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా దాని వివరమే.

మెత్తదనంలో ప్రమాదం ఏమిటి?

బిడ్డ శరీరంలో తల చాలా బరువు. మెడకు మూడు నాలుగు నెలల దాకా సరిగా బలం రాదు. అటువంటి బిడ్డ మెత్తని పరుపు మీద బోర్లా పడితే ముఖం లోపలికి కూరుకుపోతుంది. ముక్కు చుట్టూ పరుపు గిన్నెలాగా పైకి లేస్తుంది. బిడ్డ తాను విడిచిన గాలినే మళ్ళీ పీలుస్తుంది. ఆ గాలిలో ప్రాణవాయువు తగ్గుతూ, బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ పోతుంది. మనమైతే ఉక్కిరిబిక్కిరై తల తిప్పుకుంటాము, లేచి కూర్చుంటాము. పసిబిడ్డకు ఆ శక్తి లేదు. పైగా ఏడుపు కూడా వినబడదు. పక్కనే పడుకున్న తల్లికి కూడా తెలియకుండా జరిగిపోతుంది.

బాగా ఉన్న బిడ్డ, పాలు తాగి పడుకున్న బిడ్డ, తెల్లవారి లేవకపోతే మన ఊళ్ళలో "దిష్టి తగిలింది" అంటారు, "గాలి సోకింది" అంటారు. ఇంకా ఘోరం, తల్లినే ఆడిపోసుకుంటారు. నిద్రలో జరిగే ఇటువంటి మరణాలకు అన్నిసార్లూ కారణం దొరకదు. డాక్టర్లు పరీక్షించినా తేలనివి ఉన్నాయి. కాబట్టి బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లినీ నిందించే హక్కు ఎవరికీ లేదు. కాని ఏయే పరిస్థితులు ప్రమాదాన్ని పెంచుతాయో మాత్రం ఇప్పుడు బాగా తెలుసు. మెత్తని పరుపు, బోర్లా పడుకోబెట్టడం, ముఖం మీదికి వచ్చే దుప్పటి, విపరీతమైన వేడి, ఇంట్లో బీడీ సిగరెట్ల పొగ, ఇవీ అవి. రెండు నెలల నుంచి నాలుగు నెలల మధ్య వయసు బిడ్డలకు ప్రమాదం ఎక్కువ.

బ్రిటన్‌లో 1991లో టెలివిజన్ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ అనే ఆమె నాలుగు నెలల కొడుకు ఇట్లాగే నిద్రలో చనిపోయాడు. ఆమె దుఃఖంతో ఇంట్లో కూర్చోలేదు. బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతటికీ చెప్పాలని పట్టుబట్టింది. ఆ సంవత్సరమే అక్కడ ప్రచారం మొదలైంది. అమెరికాలో 1994లో మొదలైంది. కొన్ని ఏళ్ళలోనే రెండు దేశాల్లోనూ ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. కొత్త మందు కనిపెట్టి తగ్గించలేదు. బిడ్డను పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే. ఆ తీరులో పరుపుది పెద్ద పాత్ర.

పరుపుకు నాలుగు పరీక్షలు

మొదటిది గట్టిదనం. అరచేతితో పరుపును గట్టిగా అదిమి చెయ్యి తీయండి. చేతి అచ్చు మిగలకూడదు. బిడ్డను పడుకోబెట్టి ఎత్తుకున్నాక తల ఉన్నచోట గుంట కనిపించకూడదు. "అయ్యో, బిడ్డకు ఒళ్ళు నొప్పి పుట్టదా?" అని నానమ్మలు అడుగుతారు. పుట్టదమ్మా. ఎక్కువ బరువున్న పెద్ద మనిషికి కదా పక్క ఒత్తుకునేది, నాలుగైదు కిలోల బిడ్డకు గట్టి పరుపు ఒత్తుకోదు అని మేము నవ్వుతూ జవాబు చెబుతుంటాము. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు 2013లో పసిపిల్లల పరుపు గట్టిదనాన్ని పరీక్షించే పద్ధతికి ప్రమాణం రాసుకున్నాయి. ఐరోపాలో 2017లో పిల్లల మంచం పరుపులకు ప్రత్యేక ప్రమాణం వచ్చింది. అంత ఆలోచించవలసిన వస్తువు ఇది.

రెండవది చదును. వాడిన కొద్దీ దూది పరుపు మధ్యలో కుంగుతుంది, అంచులు లేస్తాయి. పొడుగాటి స్కేలు గాని, తిన్నని బద్ద గాని పరుపు మీద అడ్డంగా పెట్టి చూడండి. కింద సందు కనబడితే పరుపు విప్పి దూది ఏకించవలసిన సమయం వచ్చిందన్నమాట. కొందరు జలుబు చేసిందని, పాలు కక్కుతున్నదని తల వైపు దిండు పెట్టి పరుపును వాలుగా చేస్తారు. అదీ వద్దు. వాలు మీద బిడ్డ కిందికి జారుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుకుంటుంది, గాలి దారి మడత పడుతుంది. పసిపిల్లలు వాలుగా నిద్రపోయే పక్కలను అమెరికాలో 2022లో చట్టం చేసి అమ్మకం నుంచే తీసేశారు.

మూడవది అమరిక. ఇది ఎక్కువమంది పట్టించుకోని విషయం కనుక కొంచెం వివరంగా చెబుతాము.

మంచానికీ పరుపుకూ మధ్య సందు ఉంటే, దొర్లే వయసు బిడ్డ అందులోకి జారుతుంది. ముఖం ఒక పక్క పరుపుకు, ఒక పక్క కటకటాలకు ఆనుకుని ఇరుక్కుంటుంది. వెనక్కి రావడం బిడ్డకు తెలియదు. పరుపును ఒక పక్కకు పూర్తిగా జరిపి, రెండో పక్క మిగిలిన సందులో వేళ్ళు పెట్టి చూడండి. రెండు వేళ్ళకంటే ఎక్కువ దూరితే ఆ పరుపు ఆ మంచానిది కాదు. కొలతలో చెప్పాలంటే ఆ సందు 30 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు, దాటకూడదు. పొడవు వైపు కూడా ఇట్లాగే చూడాలి. సందులో తువ్వాలు చుట్టి కుక్కడం పరిష్కారం కాదు. ఆ తువ్వాలు ఊడి వచ్చి బిడ్డ ముఖం మీద పడుతుంది.

అమెరికాలో ఈ లెక్క చట్టంలోనే ఉంది. మంచం లోపలి వెడల్పు 28 అంగుళాలు. పరుపు 27¼ అంగుళాల వెడల్పుకు, 51⅝ అంగుళాల పొడవుకు తగ్గకూడదు. మందం 6 అంగుళాలు మించకూడదు. మన దగ్గర వడ్రంగి చేసిన టేకు మంచం ఒక కొలత, బజారులో కొన్న ఇనుప మంచం ఒక కొలత, కువైట్ నుంచో దుబాయి నుంచో బంధువులు తెచ్చిన మంచం ఇంకో కొలత. కాబట్టి "బేబీ సైజు పరుపు ఇవ్వండి" అని అడిగి కొనడం ప్రమాదం. ముందు మంచం లోపల కొలవండి. వెడల్పు మూడు చోట్ల, పొడవు రెండు చోట్ల, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. మూల కొలతలు రెండూ సమానంగా రాకపోతే మంచమే వంకరగా ఉన్నదని తెలుస్తుంది. అప్పుడు ముందు వడ్రంగిని పిలవాలి, తర్వాతే పరుపు. కటకటాల మధ్య సందు కూడా అప్పుడే చూసుకోండి. అది 6 సెంటీమీటర్లు మించితే బిడ్డ కాళ్ళు, ఒళ్ళు అందులోంచి జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఈ నియమం అమెరికావాళ్ళు 1973లోనే చేసుకున్నారు.

ఇక్కడ మా పనివాళ్ళకు ఒక మాట. రెండు గుడ్డలు కలిపి సంచిలాగా కుట్టి దూది కూరితే, గుడ్డ వెడల్పు మందంలోకి పోతుంది. 24 అంగుళాల సంచిలో మూడంగుళాల మందం నింపి చూడండి, పరుపు 21, 22 అంగుళాలకు వచ్చి కూర్చుంటుంది. 24 అంగుళాల మంచంలో రెండంగుళాలకు పైగా సందు మిగులుతుంది. పైగా సంచి పరుపు అంచులు గుండ్రంగా వస్తాయి. అడుగున మంచానికి తగిలినట్టే ఉంటుంది గాని, పైన బిడ్డ ముఖం ఉండేచోట సందు పెరుగుతుంది. అందుచేత బిడ్డ పరుపుకు చుట్టూ పక్క పట్టీ వేసి పెట్టెలాగా కుట్టాలి. కొలత గుడ్డ మీద కాదు, నింపి కుట్టిన తర్వాత పరుపు మీద చూడాలి. మంచం ఉన్న ఇంటికి వెళ్ళి, అందులో అమర్చి చూపించి, ఆ తర్వాతే డబ్బు తీసుకోవాలి. ఇది మా వృత్తికి మర్యాద.

నాలుగవది ఎత్తు. మందం ఎక్కువైతే కటకటాలు పొట్టివైపోతాయి. నిలబడడం నేర్చిన బిడ్డ పైకి ఎక్కి కింద పడుతుంది. బిడ్డ నిలబడే వయసుకు పరుపు పైనుంచి కటకటాల పై అంచు దాకా 20 అంగుళాలైనా ఉండేట్టు చూసుకోండి. పాత పరుపు మీద కొత్త పరుపు వేసి ఎత్తు పెంచడం, మెత్తగా ఉంటుందని మీద ఇంకో బొంత పరచడం, రెండూ వద్దు.

దూదా, స్పాంజా, పీచా?

దూది పనివాళ్ళము కదా, దూదినే మెచ్చుకుంటామని మీరు అనుకోవచ్చు. నిజం చెబుతాము. ఆదోని పత్తి అయినా, గుంటూరు పత్తి అయినా, బాగా ఏకి, రెండు మూడు అంగుళాల మందాన బిగించి నింపి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే బిడ్డకు మంచి పరుపే వస్తుంది. ఎండలో వేసుకోవచ్చు, మళ్ళీ ఏకించుకోవచ్చు. కాని బిడ్డ రోజుకు పదిసార్లు తడిపే పరుపు అది. తడి పట్టిన దూది గడ్డకడుతుంది, గుంటలు పడుతుంది. వారానికోసారి స్కేలు పరీక్ష చేసే ఓపిక ఉన్నవాళ్ళకే దూది పరుపు. బూరుగు దూది మాత్రం బిడ్డకు వద్దే వద్దు. దాని గొప్పతనమంతా మెత్తదనంలోనే ఉంది, ఆ మెత్తదనమే ఇక్కడ శత్రువు.

కొబ్బరి పీచు పరుపు గట్టిగా, చదునుగా ఉంటుంది. అంచులు తిన్నగా వస్తాయి. పైన కుచ్చుకోకుండా మంచి గుడ్డ ఉంటే చాలు. స్పాంజిలో రకాలున్నాయి. వేలితో నొక్కితే అడుగు తగిలే పలుచని స్పాంజి పనికిరాదు. గట్టి స్పాంజి అయితే వాడవచ్చు. పెద్దవాళ్ళ కోసం అమ్మే, ఒంటి ఆకారానికి కుంగే స్పాంజి మాత్రం బిడ్డ దరిదాపులకు రానివ్వకండి. ఏ రకం కొన్నా అరచేతి పరీక్ష, వేళ్ళ పరీక్ష రెండూ దుకాణంలోనే, ఇంట్లోనే చెయ్యండి. ధరను చూసి నమ్మకండి. ఖరీదైన పరుపు మెత్తగా ఉంటే అది ఖరీదైన ప్రమాదం.

దుకాణంవాడు చుట్టి ఇచ్చిన ప్లాస్టిక్ కాగితాన్ని "మురికి పడదులే" అని అట్లాగే ఉంచుతారు. వెంటనే తీసేయండి. అది ముక్కుకు, నోటికి అంటుకుంటే బిడ్డ వదిలించుకోలేదు. తడి ఆగడానికి రబ్బరు షీటు వాడితే నాలుగు పక్కలా పరుపు కిందికి మడిచి బిగించాలి. పైన ఒకే ఒక్క దుప్పటి, అది కూడా ఊడి రాకుండా కట్టాలి. ఊగే దారాలు, తాళ్ళు, గుండీలు ఏవీ ఉండకూడదు. నల్లులు పట్టాయని పరుపు మీద మందు చల్లకండి. ఎండలో వేయండి, మంచానికి మరుగునీళ్ళు పోయండి.

ఇంకొకరి ఇంటి నుంచి వచ్చిన పాత పరుపు సంగతి. స్కాట్లండులో చేసిన ఒక పరిశీలన 2002లో వెలువడింది. నిద్రలో చనిపోయిన బిడ్డల్లో, వేరే ఇంటి నుంచి వచ్చిన పాత పరుపు మీద పడుకున్నవారు ఎక్కువగా కనిపించారు. కారణం అందులో తేలలేదు. లేని ఇంటివారికి ఇది కష్టమైన మాటే. మంచం పాతదైనా సర్దుకోవచ్చు. పరుపు మాత్రం, వీలైతే, కొత్త గుడ్డతో కొత్త దూదితో కుట్టించండి.

పరుపు మీద ఏముండాలి?

బిడ్డ ఉండాలి. ఇంకేమీ ఉండకూడదు.

తల గుండ్రంగా వస్తుందని పెట్టే ఆవాల దిండు తీసేయండి. తల చదునుగా అవుతుందని భయం ఉంటే, బిడ్డ మేలుకున్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చున్నప్పుడు కాసేపు బోర్లా ఆడించండి. రెండు పక్కలా పెట్టే పొడుగాటి చిన్న దిండ్లు, కటకటాలకు కట్టే మెత్తని గుడ్డ గోడలు కూడా తీసేయండి. ఈ గుడ్డ గోడలను కూడా అమెరికాలో 2022 చట్టమే ఆపించింది. అక్కడ కూతురి పురుటికి వెళ్ళిన మన అమ్మమ్మలు "ఇదేమి మంచమమ్మా, దిండు లేదు, బొంత లేదు, బోసిగా ఉంది" అని ముక్కున వేలేసుకుంటారు. ఆ బోసి మంచమే బిడ్డకు క్షేమం.

"వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?" అని అడగని తల్లి లేదు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారపు గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా ఉన్నప్పుడే ఆ దారి సులువు. కాబట్టి ప్రతి నిద్రకూ, పగలైనా రాత్రైనా, వెల్లకిలా పడుకోబెట్టడమే మంచిది. బిడ్డ తనంతట తానే అటూ ఇటూ పొర్లడం నేర్చిన తర్వాత ఎట్లా పొర్లినా ఫరవాలేదు. అందుకే మంచం ఖాళీగా, పరుపు గట్టిగా ఉండాలి.

చిల్లా నలభై రోజులూ తల్లీబిడ్డా ఒకే గదిలో ఉండడం మన ఇళ్ళలో ఆచారం. మంచి ఆచారమే. ఆరు నెలల దాకానైనా బిడ్డ తల్లి గదిలోనే, వేరే పక్క మీద పడుకోవాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతున్నది. కాని తలుపులు మూసి, ఎండాకాలంలో కూడా బొంతలు కప్పి, తలకు టోపీ బిగించడం వద్దు. మనది ఉడుకు దేశం. బిడ్డ మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక బట్ట తగ్గించండి.

చీర ఉయ్యాల గురించి అడుగుతారు. జోకొట్టడానికి, మీ కళ్ళ ఎదుట కాసేపు ఊగడానికి ఉయ్యాల ఉండనీయండి. కాని చీరలో బిడ్డ విల్లులాగా వంగుతుంది, గడ్డం కిందికి పోతుంది. నిద్ర పట్టగానే చదునైన పక్క మీదికి మార్చండి. మంచం కొనలేని ఇంట్లో ఏం చెయ్యాలి? నేల మీద చాప, దాని మీద పలుచని గట్టి పరుపు, పైన దోమతెర. ఇది ఏ ఖరీదైన మంచానికీ తీసిపోదు. గోడకు, పరుపుకు మధ్య సందు లేకుండా, లేదా గోడకు బాగా ఎడంగా వేయండి. సోఫాలో బిడ్డను పక్కన పెట్టుకుని కునుకు తీయడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం.

సంఘానికి ఒక మనవి

ఛట్టీకి, అఖీఖాకు, తొట్టెలకు చుట్టాలందరూ తెచ్చే కానుక ఏమిటి? బజారులో దొరికే బిడ్డ పక్క సెట్టు. బుల్లి పరుపు, ఒక దిండు, రెండు పక్క దిండ్లు, ఒక బొంత, గొడుగు దోమతెర. ఒక్క ఇంటికి నాలుగైదు సెట్లు వస్తాయి. అందులో బిడ్డకు పనికొచ్చేది దోమతెర ఒక్కటే. వచ్చే ఏడాది నుంచి చుట్టాలు కలిసి, మంచం కొలత తీసుకుని, ఒక్క గట్టి పరుపు, నాలుగు బిగువు దుప్పట్లు ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే ఎంత బాగుంటుంది! పేద ఇంటి బిడ్డకు ఆ పరుపు సంఘం తరఫున అందితే ఇంకా బాగుంటుంది. కుట్టుకూలి లేకుండా కుట్టి ఇవ్వడానికి మా పనివాళ్ళము సిద్ధంగా ఉన్నాము. గుడ్డకు, దూదికి అయ్యే ఖర్చు కార్యవర్గంవారు ఆలోచించాలి.

కొందరు పెద్దలు "ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది, పరుపులో ఏముంది?" అంటారు. నిజమే, ఆయుష్షు ఆయన చేతిలోనిదే. కాని ఒంటెను ముందు కట్టివేసి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న బోధ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. బిడ్డ అమానత్. అమానత్‌ను ఎట్లా కాపాడావని రేపు అడిగితే, అరచేతితో పరుపును అదిమి చూశాము, వేళ్ళతో సందు చూశాము, ఆపైన నీ మీద భారం వేశాము అని చెప్పగలగాలి.

 మన పిల్లలందరికీ అల్లాహ్ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలామ్.